మమ్మల్ని ఎవరూ కాన్వెంటు పిల్లలనలేదు

మా కాలనీ మలుపులో మందుల షాపు పైనున్న రెండు గదుల పోర్షన్‌లో పోయిన జూన్ నెలలో ఒక బడి వెలిసింది. దాని గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ఒక పక్క సరస్వతీదేవి, మరో పక్క టైలు కట్టుకుని నవ్వుతున్న ఇద్దరు పిల్లలు, నడుమ పెద్ద అక్షరాలతో ఒక దేవుడి పేరు, ఆ పేరును అంటిపెట్టుకుని 'కాన్వెంట్' అనే మాట ఉన్నాయి. చూసి నవ్వుకున్నాను గాని తప్పు పట్టడానికి మనసు రాలేదు, ఎందుకంటే తెలుగునాట ఆ మాట అర్థం మారి చాలా కాలమైంది. అసలు కాన్వెంట్ అంటే సన్న్యసించిన స్త్రీలు కలిసి నివసించే మఠం. ఒకచోట కూడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన వాడుకలో మాత్రం ఇంగ్లీషు మీడియంలో చెప్పి, బూట్లు తొడిగించి, ఫీజు వసూలు చేసే బడి ఏదైనా కాన్వెంటే.

ఈ మాటను ఇంతగా పట్టించుకోవడానికి నాకు సొంత కారణం ఒకటి ఉంది. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. నేను ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా సికింద్రాబాద్ వైపున్న ఒక కన్యాస్త్రీల బడిలో, ఎయిడెడ్ సెక్షన్‌లో, తెలుగు మీడియంలో, చెప్పుకోదగ్గ ఫీజు ఏదీ కట్టకుండా చదువుకున్నాను. మా బస్తీలో ఒక మాస్టారు తన ఇంటి వరండాలో నడిపే ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లే పిల్లలను అందరూ 'కాన్వెంటు పిల్లలు' అని గౌరవంగా పిలిచేవారు. ఆ వరండాలో ఒక్క సిస్టర్ కూడా ఏనాడూ అడుగు పెట్టలేదు. పదేళ్లపాటు నిజమైన మఠం ఆవరణలో, నిజమైన కన్యాస్త్రీల చేత ఎక్కాలు వల్లె వేయించుకున్న మమ్మల్ని మాత్రం ఎవరూ కాన్వెంటు పిల్లలనలేదు. ఆ చిన్నతనపు ఉక్రోషమే, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తీరిక దొరికినప్పుడు, అసలీ కన్యాస్త్రీలు ఎవరు, ఎవరి కోసం బడులు పెట్టారు అని వెతికించింది.

వెతకగా నాకు మొదట కలిగింది ఆశ్చర్యం. ఆడపిల్లలకు చదువు చెప్పే సన్న్యాసినులు అనే ఊహను క్రైస్తవ లోకం సైతం సులభంగా ఒప్పుకోలేదు. 1535లో ఇటలీలోని బ్రెషియా నగరంలో ఆంజెలా మెరిచి అనే స్త్రీ ఉర్సులైన్ బృందాన్ని ఏర్పరచినప్పుడు, అందులోని స్త్రీలు ఎవరి ఇంట్లో వారుంటూనే దేవుడికి అంకితమై, ఊరి పిల్లలకు నేర్పేవారు. అయితే 1563లో ముగిసిన కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ, ఆ వెనుక 1566లో ఐదో పయస్ పోపు ఇచ్చిన శాసనం, వ్రతాలు తీసుకున్న స్త్రీలంతా మఠం గోడల లోపలే ఉండిపోవాలని కట్టడి చేశాయి. గోడ దాటకూడని స్త్రీ వీధిలో తిరిగే పిల్లకు అక్షరాలు ఎలా దిద్దిస్తుంది? ఇంగ్లండ్‌కు చెందిన మేరీ వార్డ్ 1609 నుంచి ఆ గోడను కాదని బడులు తెరుస్తూ పోయింది. 1631లో ఎనిమిదో అర్బన్ పోపు ఆమె సంస్థను రద్దు చేశాడు, ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో కొంతకాలం బందీగా ఉంచారు. ఆమెను ఆ సంస్థకు స్థాపకురాలిగా రోమ్ గుర్తించింది 1909లో. అంటే రెండువందల డెబ్భై ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట. లెక్క మళ్లీ మళ్లీ వేసి చూసుకున్నాను.

ఐర్లండ్‌లో అడ్డంకి మరో రకానిది. కాథలిక్కులు బడి నడపడమే నేరమైన రోజుల్లో నానో నేగల్ అనే సంపన్న స్త్రీ కార్క్ నగరంలో పేద పిల్లల కోసం రహస్యంగా బడులు నడిపి, 1775లో ఒక సభను, అంటే సన్న్యాసినుల సంఘాన్ని, స్థాపించింది. అదే తరువాతి కాలంలో ప్రెజెంటేషన్ సిస్టర్ల సభ అయింది. వారు 1842లోనే మద్రాసు వచ్చారు. చర్చి చట్టం ప్రకారం మఠం దాటనివారు నన్‌లు, వీధిలోకి వచ్చి పనిచేసేవారు సిస్టర్లు. మనం రెండు మాటలనూ ఒకదానికొకటి వాడేస్తాం గాని, ఆ తేడా వెనుక మూడువందల ఏళ్ల పెనుగులాట ఉంది. సామాన్య వ్రతాలతో బయట సేవ చేసే ఈ సభలకు పదమూడో లియో పోపు పూర్తి గుర్తింపు ఇచ్చింది 1900 డిసెంబరులో. అప్పటికి మన సికింద్రాబాద్‌లో సిస్టర్లు ఇరవై తొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతూనే ఉన్నారు.

సికింద్రాబాద్‌కు వచ్చినవారు సెయింట్ ఆన్స్ సిస్టర్లు. (నేను చదివింది వీరి బడిలో కాదు, మరో సభవారి బడిలో, దాని పేరు ఇక్కడ అనవసరం.) మన తెలుగు కాథలిక్కులు పునీత అన్నమ్మ అని పిలుచుకునే, మరియమ్మ తల్లి పేరు మీద వెలసిన ఈ సభ కథ ఇటలీలోని టురిన్ నగరంలో, ఒక జైలు గోడ పక్కన మొదలవుతుంది. జూలియా కోల్బర్ట్ ఫ్రాన్సు దేశపు ప్రభువంశంలో పుట్టి, విప్లవకాలంలో తన బంధువులను గిలటిన్‌కు పోగొట్టుకుని, 1806లో కార్లో తంక్రేది ఫల్లెత్తి అనే బరోలో ప్రాంతపు జమీందారును పెళ్లాడి, 1814లో టురిన్‌లో స్థిరపడింది. ఆ ఏడాదే ఒకనాడు వీధిలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా కాథలిక్కులు భావించే రొట్టె) ఊరేగింపుగా వెళ్తుండగా ఆమె మోకరించిందనీ, పక్కనున్న జైలు కిటికీలోంచి ఒక ఖైదీ తనకు కావలసింది ప్రసాదం కాదు, గిన్నెడు సూప్ అని అరిచాడనీ ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. ఆమె లేచి నేరుగా జైలు లోపలికి నడిచింది. ఆ తరువాత సంవత్సరాల తరబడి ఆడఖైదీల మధ్య కూర్చుని వారికి చదవడం నేర్పింది, వారి కోసం రాసిన నియమావళిని వారికే చదివి వినిపించి ఒప్పుదల తీసుకుంది, విడుదలై వచ్చిన స్త్రీలకు తలదాచుకునే చోటు లేదని గమనించి 1823లో ఒక ఆశ్రయం కట్టించింది.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఆమె దానగుణం కాదు. దానాలు చేసిన జమీందారిణులు మన సంస్థానాల్లోనూ ఉన్నారు. జైలుకు వచ్చే స్త్రీలను చూసి ఆమె వెనక్కి లెక్క వేసింది. ఈమె ఇక్కడికి ఎందుకు వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, ఇంకా ముందు ఆమెకు ఏడేళ్లప్పుడు ఎవరు ఏం నేర్పారు అని అడుగుతూ పోగా, ఆ ప్రశ్నలన్నీ బడి గుమ్మం దగ్గర ఆగాయి. భర్తదీ అదే దారి. టురిన్ నగర మేయరుగా కూడా పనిచేసిన తంక్రేది 1825లో తమ సొంత భవనం గదుల్లోనే, పనికి పోయే తల్లుల పసిపిల్లల కోసం ఒక శిశు పాఠశాల తెరిచాడు. ఆ భవనం ఉన్న వీధి పేరు ఇటాలియన్‌లో 'అనాథ బాలికల వీధి' అట. పిల్లలు లేని ఆ దంపతులు 1834లో, ఆడపిల్లలకు, ముఖ్యంగా డబ్బులేని ఇళ్ల ఆడపిల్లలకు చదువు చెప్పడం కోసమే సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభను స్థాపించారు. తంక్రేది 1838లో పోయాడు. జూలియా 1864 దాకా బతికి, తోటలూ సొమ్మూ అన్నీ ఈ పనుల కింద ఖర్చు పెట్టింది. బరోలో అనే పేరు మీద ఈ రోజు ప్రపంచమంతా అమ్ముడుపోయే ద్రాక్షసారా వెనుక కూడా ఆ దంపతుల ఎస్టేటు ఉందని తెలిసి, మా పిన్ని "అయితే సారా డబ్బులతో బడులా?" అని బుగ్గలు నొక్కుకుంది. ఆబ్కారీ ఆదాయంతో నడిచిన మన సర్కారు బడుల సంగతి ఆమెకు గుర్తు చేయలేదు.

జూలియా తరువాత ఆ సభను నిలబెట్టిన మనిషి మదర్ ఎన్రికెత్త దొమినిచి. 1829లో టురిన్ దగ్గరి కార్మాఞోలాలో పుట్టిన ఆమె 1861లో సభకు ప్రధాన అధికారిణిగా ఎన్నికై, 1894లో కన్నుమూసేదాకా ముప్పై మూడేళ్లు ఆ బాధ్యతలోనే ఉంది. 1978లో ఆరో పాల్ పోపు ఆమెను ధన్యురాలిగా, అంటే పునీతకు ముందు మెట్టుగా, ప్రకటించాడు. 1871లో తన సిస్టర్లను సికింద్రాబాద్‌కు పంపింది ఈమే. ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా సికింద్రాబాదే ఎందుకు అనే సందేహానికి జవాబు సులభమైనది: 1855 నుంచి హైదరాబాద్ ప్రాంతపు కాథలిక్ మిషన్ బాధ్యత మిలాన్ నుంచి వచ్చిన ఇటాలియన్ గురువుల (ఫాదర్ల) చేతిలో ఉంది, కంటోన్మెంటులో ఐరిష్ సిపాయిల కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు, అరవ కాథలిక్కులు బాగా ఉన్నారు, వారి ఆడపిల్లలకు బడి కావాలి. మగపిల్లల కోసం గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ బడి 1855లోనే తెరిచారు.

ఆ ప్రయాణాన్ని ఊహించుకోవడం నాకు సరదా. సూయెజ్ కాలువ తెరుచుకుని అప్పటికి రెండేళ్లు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది 1874 అక్టోబరులో, అంటే ఆ సిస్టర్లు వచ్చిన మూడేళ్లకు. కాబట్టి చివరి దారి అంతా దక్కను రాళ్ల మీద బండి ప్రయాణమే అయి ఉండాలి. ఇటలీ ఉన్ని బట్టతో కుట్టిన నల్లటి వస్త్రాలు, తల మీద ముసుగు, మన ఎండ. రైలు లేని ఊరికి వచ్చిన ఆ ఆడవాళ్లు పెట్టిన బడి, రైల్వే కార్మికుల పిల్లలకు తరువాతి వందేళ్లూ అందుబాటులో ఉండటం రైల్వే వాడకట్టులో పెరిగిన నాకు తమాషాగా అనిపిస్తుంది.

1871 అనే సంవత్సరాన్ని మన లెక్కల్లో పెట్టి చూడాలి. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. గన్‌ఫౌండ్రీలో ఆరో నిజాం పేరుమీద మహబూబియా బాలికల బడి వచ్చింది 1907లో. హైదరాబాద్‌లో తెలుగు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావుగారు ఆంధ్ర బాలికోన్నత పాఠశాల పెట్టింది 1928లో. నిజాం ప్రభుత్వపు విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమాన్ని తప్ప మరో దాన్ని అంగీకరించని కారణంగా ఆయన పుణేలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి దానిని అనుబంధం చేయవలసి వచ్చింది. ఈ వరుసలో సిస్టర్ల బడి మొదటిది అని పొంగిపోవడం తేలికే గాని, న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. ఆ బడి కంటోన్మెంటు బడి. నగరంలో దర్బారు భాష అప్పటికి పారసీ, కంటోన్మెంటు భాష ఇంగ్లీషు. తెలుగు పిల్ల ఆ రెండు గడపలకూ బయటే నిలబడి ఉంది. సిస్టర్లు ఆమె కోసమే సముద్రం దాటి వచ్చారంటే చరిత్ర ఒప్పుకోదు. వారు ఆమెను చేరుకోవడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది, అదీ ప్రధానంగా జిల్లాల్లో. 1822లో నెదర్లాండ్స్‌లోని ఆమెర్స్‌ఫోర్ట్‌లో పుట్టిన జీసస్ మేరీ జోసెఫ్ సభ, మనవాళ్లు జె.ఎం.జె. సిస్టర్లు అనేవారు, 1904లో గుంటూరు వచ్చి, ఆ తరువాత ఏలూరులో 1953లో సెయింట్ థెరిసా మహిళా కళాశాల, విజయవాడలో 1962లో మారిస్ స్టెల్లా కళాశాల తెరిచి, కోస్తా జిల్లాల్లో రెండు మూడు తరాల ఆడపిల్లలకు డిగ్రీలు ఇప్పించింది. హైదరాబాద్‌లో కాలేజీ చదువు విషయానికి వస్తే, మరో ఇటాలియన్ సభవారు నడిపే సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల 1959 నాటిది, సెయింట్ ఆన్స్ సిస్టర్లు మెహదీపట్నంలో పెట్టిన మహిళా కళాశాల 1981 నాటిది.

ఇప్పుడు నా ఉక్రోషం దగ్గరికి వస్తాను. మన దేశంలో కన్యాస్త్రీల బడులు చాలా వరకు రెండు అరలుగా పెరిగాయి. ఒక అర ఫీజు కట్టగలిగినవారిది, ఇంగ్లీషుది. రెండో అర కట్టలేనివారిది, స్థానిక భాషది. దీని వెనుక కుట్ర ఏమీ లేదు, ఉన్నది వంటింటి లెక్క: మొదటి అర నుంచి వచ్చే డబ్బే రెండో అర పొయ్యి వెలిగించేది. మా బడిలోనూ అంతే. ముందున్న రాతి భవనంలో ఇంగ్లీషు మీడియం, వెనుక రేకుల షెడ్డులో మేము. వారికి మెయిన్ రోడ్డు వైపు పెద్ద గేటు, మాకు సందులోకి తెరుచుకునే చిన్న గేటు. వార్షికోత్సవంలో స్వాగత గీతం వారిది. కుర్చీలు మోసి వేసింది మేము. ఒకసారి వాన పడి మా షెడ్డు గేటు ముందు బురద నిండితే, ఏడో తరగతిలో ఉన్న నేనూ మా స్నేహితురాలూ పెద్ద గేటు గుండా వచ్చాం. వాచ్‌మన్ మమ్మల్ని ఆపి, మా రిబ్బన్ల రంగు చూసి, తిరిగి సందులోకి పంపించాడు. ఆ రంగు ఏమిటో నేను ఇప్పుడు కూడా రాయలేకపోతున్నాను. పేద ఆడపిల్లల కోసమని జైలు గోడల దగ్గర పుట్టిన ఆలోచన, మా దగ్గరికి వచ్చేసరికి పేద ఆడపిల్లలకు వేరే గేటు పెట్టే దాకా ఎలా నడిచిందో ఆలోచిస్తే కోపం కన్నా విస్మయమే ఎక్కువ కలుగుతుంది, ఎందుకంటే ఆ రెండు గేట్ల వెనుకా పాఠం చెప్పింది అవే చేతులు.

ఆ చేతుల గురించి రాయకపోతే అన్యాయం. మా లెక్కల సిస్టర్ గుంటూరు జిల్లా మనిషి. పొద్దున ఇంగ్లీషు మీడియంలో ఎంత శ్రద్ధగా చెప్పేవారో, మధ్యాహ్నం మా షెడ్డులో రేకుల వేడికి చెమటలు కారుతున్నా అంత శ్రద్ధగానూ చెప్పేవారు. "లెక్కకు మీడియం లేదే పిల్లా" అనేవారు. ఎవరైనా రెండు రోజులు వరుసగా బడికి రాకపోతే, సాయంత్రం జపమాల వేళ కాకముందే గొడుగు పట్టుకుని బస్తీలోకి వచ్చేసేవారు. మా పక్కింటి అమ్మాయికి తొమ్మిదో తరగతిలో పెళ్లి చూపులు పెట్టారని తెలిసి వచ్చినప్పుడు, ఆ పిల్ల తండ్రి "మీకేం తెలుస్తది సిస్టర్, మీకు పెండ్లి లేదు, పిల్లలు లేరు" అని గట్టిగా అన్నాడు. ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా, "అందుకే కదన్నా నాకు తీరిక ఉంది, రేపు కూడా వస్తాను" అని, నిజంగానే మర్నాడు వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. ఆ అమ్మాయి పదో తరగతి మాతోపాటే రాసింది.

ఈ తీరిక అనేదే ఆ సభల బలమంతా. పేదరికం, విధేయత, బ్రహ్మచర్యం అనే మూడు వ్రతాలను మనం భక్తి విషయాలుగా చూస్తాం గాని, బడి నడిపే కోణం నుంచి చూస్తే అవి ఒక ఆర్థిక వ్యవస్థ. ఎయిడెడ్ పోస్టులో ఉన్న సిస్టర్‌కు సర్కారు ఇచ్చే జీతం ఆమె సొంతానికి పోదు, సభకు పోతుంది. ఆమెకు వారసులు లేరు గనుక బడి ఎవరి కొడుకు పేరు మీదికీ మారదు. ఆ ప్రాంతపు సభాధికారిణి ప్రొవిన్షియల్ నుంచి ఉత్తరం వస్తే పెట్టె సర్దుకుని వేరే ఊరు వెళ్తుంది గనుక ఏ ప్రిన్సిపాలూ బడిని సొంత జాగీరుగా చూసుకోవడానికి వీలుండదు. సర్కారు పన్ను శాఖ మాత్రం వేరేగా ఆలోచించింది. జీతం మాకు చేరదు గదా, మా నుంచి పన్ను ఎలా కోస్తారని దక్షిణాదిన సిస్టర్లూ గురువులూ ఏళ్ల తరబడి వాదించారు. జీతం అందుకున్నాక ఎవరికి ఇచ్చుకున్నా అది జీతమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు వారి అప్పీళ్లను కొట్టివేసింది. చట్టం దృష్టిలో అది సరైన తీర్పే అని నా అభిప్రాయం. కానీ మా సిస్టర్ చేతిలో గొడుగు తప్ప సొంత వస్తువంటూ నేను మరొకటి చూడలేదన్నది కూడా అంతే నిజం.

రెండు గేట్ల సంగతి సిస్టర్లకు తెలియక కాదు. 1965లో రెండో వాటికన్ మహాసభ మఠవాస జీవితం మీద ఇచ్చిన పత్రం, ప్రతి సభా తన స్థాపకుల తొలి సంకల్పం వైపు తిరిగి చూసుకోవాలని కోరింది. ఆ తరువాతనే చాలామంది వస్త్రధారణ మారింది. మా బడిలో కూడా తెల్ల గౌన్ల స్థానంలో నేత చీరలు రావడం నాకు లీలగా గుర్తు. బట్టలు మార్చుకున్నంత సులభంగా బడిని మార్చడం సాధ్యం కాలేదు. కొందరు సిస్టర్లు నగరం వదిలి పల్లెలకు, వాడలకు వెళ్లిపోయారు. కొందరు ఉన్నచోటే గోడ పగలగొట్టారు: కలకత్తాలోని లొరేటో సియాల్దా బడిలో సిస్టర్ సిరిల్ మూనీ 1979 నుంచి ఫీజు కట్టలేని పిల్లలను, ఆ తరువాత వీధి పిల్లలను, అదే భవనంలోకి, అదే గేటు గుండా రప్పించింది, 2007లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. చాలా చోట్ల మాత్రం రాతి భవనం ముందూ రేకుల షెడ్డు వెనుకా అలాగే ఉండిపోయాయి.

చట్టం కూడా ఈ విషయంలో సిస్టర్లను కష్టపెట్టలేదు, అదే నాకు చిక్కుగా తోస్తుంది. రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకునే హక్కునిచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో పావు వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని చెబితే, 2014 మే నెలలో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. హక్కును కాపాడుకోవడం తప్పని నేను అనను; ఆ హక్కు లేకపోతే మా షెడ్డు కూడా ఉండేది కాదు. అయినా, పేద పిల్లల కోసమే పుట్టిన బడికి పేద పిల్లలను చేర్చుకోమనే నిబంధన నుంచి మినహాయింపు దొరికిందని చదివిన రోజున, సందులోని చిన్న గేటు నా కళ్ల ముందు కదిలింది.

ఇప్పుడు మా షెడ్డు లేదు. ఎయిడెడ్ టీచర్లు ఒక్కొక్కరే రిటైరవుతూ వచ్చారు, ఆ ఖాళీలను సర్కారు నింపలేదు, బస్తీ తల్లిదండ్రులు కూడా అప్పోసప్పో చేసి పిల్లలను ఇంగ్లీషులోకే పంపసాగారు. చివరికి తెలుగు మీడియం తరగతిలో పదిమంది కూడా మిగలక దాన్ని మూసేశారు. ఇందులో ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టలేను. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో తెలుగు మీడియం లెక్కలు చెప్పిన నేనే నా కూతురిని ఇంగ్లీషు మీడియంలో చేర్పించాను. షెడ్డు ఉన్న చోట స్కూలు బస్సులు నిలుపుతున్నారు. చిన్న గేటుకు ఇటుకలు పేర్చి మూసేశారు, అందరికీ పెద్ద గేటే. టీచర్లలో దాదాపు అందరూ సంసారులే. సిస్టర్లు ఆఫీసు గదిలో ఒకరిద్దరు కనిపిస్తారు. మఠంలో చేరడానికి వచ్చే అమ్మాయిలు తగ్గిపోయారని ఒక సిస్టరే నాతో చెప్పారు. "చదువుకున్న పిల్లకు ఇప్పుడు వేరే దారులు ఉన్నాయి గదమ్మా, ఆ దారులు చూపించింది మేమే" అని ఆమె నవ్వారు.

మా లెక్కల సిస్టర్‌కు ఎనభై దాటాయి. నగరం శివార్లలో వృద్ధ సిస్టర్ల కోసం ఉన్న మఠంలో ఉంటున్నారు. పోయిన సంక్రాంతికి అరిసెలు తీసుకుని వెళ్లాను. వరండాలో చాప పరచుకుని, ఏడెనిమిదేళ్ల పిల్లలను నలుగురిని కూర్చోబెట్టుకుని ఉన్నారు. దగ్గరలోని ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చినవారి పిల్లలట. సిస్టర్ ఒళ్లో వంద పేజీల నోటు పుస్తకం ఉంది. అందులో పేజీ నిండా గుండ్రటి అక్షరాలు, కింద వణికే రాతతో వాటి ఉచ్చారణ తెలుగులో రాసి ఉంది. ఒడియా నేర్చుకుంటున్నారు. "వీళ్లకు ఇంట్లో మాట ఒకటి, నా మాట ఒకటి అయితే లెక్క ఎక్కడ ఎక్కుతుందే" అన్నారు. లెక్కకు మీడియం లేదని ఒకప్పుడు మీరే అనేవారు గదా సిస్టర్ అని గుర్తు చేస్తే, "అప్పుడు నాకు నలభై ఏళ్లే, ఏం తెలుసు" అని, ఒక అరిసెను నాలుగు ముక్కలు చేసి పిల్లలకు పంచారు.

వచ్చేటప్పుడు ఒకటో తరగతి ఒడియా వాచకం ఒకటి సంపాదించి పెట్టమని అడిగారు. తన దగ్గరున్నది బట్టీ మేస్త్రీ చెబితే రాసుకున్నదట, అందులో రెండు అక్షరాల మీద ఆమెకు అనుమానం ఉంది. కోఠీలో పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను, దొరకలేదు. మా ఆడపడుచు కొడుకు వచ్చే వారం పని మీద భువనేశ్వర్ వెళ్తున్నాడు. రెండు కాపీలు తెమ్మని చెప్పాను.